నేను చూళ్ళేదని చెప్పిన రోజు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలండి. నా పేరు యాకోబు, మాది ఉప్పలగుప్తం దగ్గర, రొయ్యల చెరువుల మీద కాపలా పని చేసేవాణ్ణి. తాగిన మైకంలో తోటి పనివాడి తల పగలగొట్టి జైలుకెళ్ళేనని మీకందరికీ తెలుసు, దాచేదేం లేదు. కానీ ఈరోజు నేను చెప్పుకోవాల్సిన పాపం అది కాదండి, జైలు లోపల చేసింది!

నా గదిలో అప్పారావన్నయ్య అని రాజోలు వైపు మనిషి ఉండేవాడు, కొబ్బరి చెట్లెక్కి కాయల దింపు తీసి పిల్లల్ని పోషించుకునేవాడు, నాకు జ్వరమొస్తే తన దుప్పటి కూడా నాకే కప్పి తను కటిక నేల మీద పడుకున్నాడు. అన్నం పాచిపోయిందండీ అని అడిగినందుకు ఒక వార్డరు ఆయన్ని లాఠీతో బాదేడు, కుడి మోచెయ్యి ఎముక విరిగి వాచిపోయింది, నేను పక్కనే ఉండి కళ్ళారా చూసేను. అన్నయ్య ఊరుకోలేదండి, తనిఖీకొచ్చిన జడ్జి గారితో ధైర్యంగా చెప్పేసేడు.

జడ్జి గారు నన్ను పిలిచి, "నువ్వు చూసేవా?" అని అడిగేరు.

అంతకుముందే ఆ వార్డరు నాకు వంటింట్లో పని ఇప్పిస్తానని ఆశ చూపించేడు, నోరు విప్పితే నీ చెయ్యీ అంతే అన్నాడు. "నేను చూళ్ళేదండి. జారిపడ్డాడేమోనండి," అనేసేను. అన్నయ్య నన్ను తిట్టలేదు, తల దించుకున్నాడు, అంతే!

చూసినవాళ్ళు లేరని ఆ మాట అక్కడితో ఆగిపోయింది. తర్వాత అన్నయ్యని ఒంటరి గదిలో పడేసేరు, పెళ్ళాం చూడ్డానికొస్తే గేటు దగ్గర్నించే తిప్పి పంపేసేరు, చేతికి కట్టు కూడా కట్టించలేదు. నేను మాత్రం వంటింట్లో వేడన్నం తింటూ, "ప్రభువా, నాకు విడుదల వద్దు, నిజం చెప్పే నోరు ఇవ్వు తండ్రీ" అని నెల రోజులు ఏడ్చేనండి.

అప్పుడు ఖైదీలకి ఉచితంగా వాదించే లాయరమ్మ గారొకరు వచ్చి మా అందర్నీ కూర్చోబెట్టి చెప్పేరు. ఖైదీ అయినంత మాత్రాన కొట్టే హక్కు ఎవరికీ లేదు, ఫిర్యాదు అంటించిన కవర్లో తిన్నగా కోర్టుకే ఇవ్వొచ్చు, చెప్పినందుకు ఎవరైనా కక్ష కడితే అదీ కోర్టుకే చెప్పండి, రక్షణ అడగండి అన్నారు. నేను లేచి ఆవిడ దగ్గరికెళ్ళేను. "అమ్మా, నేను అబద్ధమాడేనండి" అని మొత్తం చెప్పేసి వేలిముద్ర వేసేను.

కోర్టు మా ఇద్దర్నీ వేరే జైలుకి మార్పించింది, అన్నయ్యని ఆసుపత్రికి పంపింది, ఆ వార్డరుని పనిలోంచి ఆపి విచారణ పెట్టేరు. ఆ భయంలోంచి నన్ను లాగిన దేవునికే మహిమ! కానీ సహోదరులారా, అప్పటికే అన్నయ్య మోచేతి ఎముక వంకరగా అతుక్కుపోయింది.

ఇద్దరం విడుదలయ్యాక నేను రాజోలు వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడ్డాను. అన్నయ్య ఎడం చేత్తో నన్ను లేపేడు. "మొదటి రోజే చెప్పుంటే నేనింకా చెట్టెక్కేవాణ్ణిరా యాకోబూ," అన్నాడు. పీట వేసి, "అన్నం తిని వెళ్ళు," అన్నాడు.

తాగుడు మానేసేను, దేవుడు నన్ను క్షమించేడని నమ్ముతున్నాను, ఆయనకే స్తోత్రం! అయినా ఆ నెల రోజులు ఎంత ప్రార్థన చేసినా వెనక్కి రావండి. మీ ఇంట్లోవాళ్ళెవరైనా లోపలుంటే, కొట్టేరని చెబితే, నమ్మండి, లాయరు దగ్గరికి వెళ్ళండి. మీరే చూసినవాళ్ళైతే, నాలాగా ఆలస్యం చెయ్యకండి. చెప్పడానికి భయమేస్తే భయమేస్తోందనే ప్రభువుతో చెప్పండి, ఆయన మీ పక్కన నిలబడతాడు, కానీ చూసింది మాత్రం ఈరోజే చెప్పండి. ఆమేన్.