వేలానికొచ్చిన అక్క పేరు

స్కార్‌బరోలో వీణ నేర్పే మా అక్క పేరుతో ఒక వెబ్‌సైట్ ఉండేది. ఒక ఉదయం చూస్తే అందులో ఎవరివో ప్రకటనలు వస్తున్నాయి. ఏటా డబ్బు కట్టి ఆ పేరు నిలుపుకోమనే రెన్యువల్ మెయిల్స్ అక్క ఎప్పుడో వాడటం మానేసిన అడ్రస్‌కు వెళ్లాయట. ఆ డొమైన్, అంటే వెబ్‌సైట్ పేరు, అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాను. గడువు దాటిపోయిందని, పేరును వేలానికి పెట్టామని, కావాలంటే మమ్మల్నీ పాడుకోమని చెప్పారు.

"నా పేరు నేనే పాడుకోవాలా?" అంది అక్క.

బస్సులోనూ ఆఫీసులోనూ ఫోన్ చూస్తూనే ఉన్నాను. వేలంలో నేను పాట పెంచినప్పుడల్లా ఎవరో ఇంకాస్త పెంచుతున్నారు. సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"వదిలెయ్‌రా. వేరే పేరు రిజిస్టర్ చేశా. పిల్లల పేరెంట్స్ అందరికీ మెసేజ్ పెట్టేశా."

అయినా వేలం ముగిసేదాకా నాకు మనసు నిలవలేదు. చివరికి ఎవరో పాడుకున్నారు. ఎవరని అడిగితే కంపెనీవాళ్లు చెప్పలేదు.