కార్తీక దీపానికి కోసిన ఆకు

2023 చివర్లో జరిగిన సంగతి. సిడ్నీలో రౌస్ హిల్ దగ్గర ఒక క్లినిక్‌లో నేను హ్యాండ్ థెరపిస్టుని. విరిగిన, తెగిన, బిగుసుకుపోయిన చేతుల్ని మళ్ళీ పనిలోకి తేవడం మా ఉద్యోగం. మనవాళ్ళకి ఈ మాట చెబితే "అయితే చెయ్యి చూసి జాతకం చెబుతావా?" అంటారు. అడిగేవాళ్ళకి విసుగు రాదు, వినే నాకే వస్తుంది.

సత్యవతిగారు మొదటిసారి వచ్చినప్పుడు ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని, వేళ్ళు దేనికీ తగలకుండా గాల్లో ఉంచుకుని నడిచింది. వెంట కూతురు శిరీష, నిండు కడుపుతో. మా క్లినిక్ పక్క పేట ద పాండ్స్‌లో వాళ్ళ ఇల్లు. కూతురి పురుటికని రాజమండ్రి నుంచి వచ్చిందావిడ.

"ఏమైంది ఆంటీ?" అన్నాను.

"ఏం చెప్పమంటావమ్మా, ఆకు కోశాను. పాము కాదు, తేలు కాదు. ఆకు."

కాన్పు దగ్గరపడితే విమానం ఎక్కనివ్వరని, ఈలోగానే అందరూ కలిసి ఉత్తర క్వీన్స్‌లాండ్ వెళ్ళారు. అక్కడ వాన అడవిలో ఓ జలపాతం. మరీ కష్టమైన దారేం కాదు. మెట్లూ, వేర్లూ, కాస్త బురదా. శిరీష కూడా ఆగి ఆగి నడిచింది. తీరా నీళ్ళు కనబడగానే ఆంటీకి ఆ రోజు కార్తీక సోమవారమని గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, నేతిలో తడిపిన వత్తుల్ని ఇంటి దగ్గరే డబ్బాలో పెట్టుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

అల్లుడు కిరణ్ అడ్డుపడ్డాడు. "అత్తయ్యా, ఇది నేషనల్ పార్క్. ఇక్కడ ఫైర్ అలౌడ్ కాదు."

"వెలిగించన్లే బాబూ. ఊరికే ఆకులో పెట్టి వదిలేస్తాను. గంగమ్మ ఎక్కడున్నా గంగమ్మేగా."

అరటిదొప్ప అక్కడెక్కడ దొరుకుతుంది? దారి పక్కన ఓ చిన్న మొక్క కనబడింది. తమలపాకు ఆకారం, దానికన్నా పెద్దది, మెత్తటి నూగుతో ముద్దుగా ఉంది. కుడిచేత్తో కోసింది.

ఆ మొక్కని గింపీ-గింపీ అంటారు. ఆ నూగు నూగు కాదు, గాజులాంటి సన్నటి ముళ్ళు, ఒక్కోదాంట్లోనూ విషం. చర్మంలో విరిగిపోతే నెలల తరబడి అక్కడే ఉంటాయి. తుడవకూడదు, రుద్దకూడదు, మైనం పట్టీ అంటించి పీకాలి. ఆవిడ మనందరం చేసే పనే చేసింది. కొంగుతో గట్టిగా తుడిచేసుకుని, చల్లగా ఉంటుందని చేతిని జలపాతం నీళ్ళలో పెట్టింది. నీళ్ళు తగిలితే ఆ మంట రెట్టింపవుతుందని ఆవిడకేం తెలుసు? ఆ అరుపు వినలేక తను చెవులు మూసుకున్నానని శిరీష చెప్పింది. ఆస్పత్రివాళ్ళు మైనం పట్టీలు వేసేసరికే చాలా ముళ్ళు లోపల విరిగిపోయాయి.

రాజమండ్రి నుంచి చుట్టాలు ఫోన్లు చేశారట. "దూలగొండి తగిలితే మేమూ గోక్కున్నాం, ఇంత రాద్ధాంతం చేశామా?" అని. శిరీష తలొంచుకుని, "నేనూ ఫస్ట్‌లో షి ఈజ్ ఎగ్జాజరేటింగ్ అనుకున్నానక్కా," అంది.

మా వృత్తిలో మొదటి రోజే 'గోల్' రాసుకుంటాం, అంటే ఆ చేత్తో ఏం చెయ్యగలగాలి అన్నది. చాలామంది డ్రైవింగ్ అనో, వంట అనో అంటారు. ఆవిడ ఆలోచించలేదు.

"పిల్లకి నీళ్ళు పోయాలి. కాళ్ళు చాపుకుని, పిల్లని వాటి మీద పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి. మా వీధిలో సగం మందికి నేనే పోశాను. నా కూతురి బిడ్డకి నేను కాక ఎవరు పోస్తారు?"

చూడండి, ఎన్ని పనులు లేవు లోకంలో? కూర తరగడం అడిగినా, జడ వెయ్యడం అడిగినా చేయించేదాన్ని. ఆ చెయ్యి దేన్నైతే భరించలేదో సరిగ్గా దాన్నే అడిగింది.

డీసెన్సిటైజేషన్ మొదలుపెట్టాం. అంటే, భయపడిన నరాలకి స్పర్శని కొంచెం కొంచెంగా మళ్ళీ అలవాటు చెయ్యడం. ముందు దూది, తర్వాత మఖమల్ గుడ్డ, తర్వాత గిన్నెడు బియ్యంలో వేళ్ళు ముంచడం. ఆవిడ పళ్ళు బిగపట్టి అన్నీ చేసింది. బియ్యం దాకా వచ్చినప్పుడు నాకు ఆశ పుట్టింది. గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో వేళ్ళు పెట్టగానే మంటకి చెయ్యి వెనక్కి లాక్కుంది. మరోవారం, అంతే. ఆ పై వారం, అంతే. నొప్పి డాక్టరు మందులు మార్చాడు. మందులకి నిద్ర వచ్చింది, మంట పోలేదు.

పాప పుట్టింది. శిరీష ఇక్కడి నర్సులు నేర్పినట్టు ప్లాస్టిక్ తొట్టిలో స్నానం చేయిస్తుంటే, ఆవిడ బాత్‌రూమ్ గుమ్మంలో నిలబడి చెప్పేదట. "మెడ కింద చెయ్యి పెట్టు. మడతల్లో రుద్దు. కళ్ళలోకి పోనీకు."

ఒకరోజు నేనే రబ్బరు తొడుగు ఇచ్చాను, ఒట్టి నీళ్ళలో అలవాటు చేసుకోవడానికి. ఆవిడ ఆగలేదు. శిరీష పడుకున్నప్పుడు బాత్‌రూమ్‌లో పీట వేసుకుని, కాళ్ళు చాపి, పాపని పడుకోబెట్టుకుంది. తొడుగు తడిని ఆపుతుంది కానీ వేడిని ఆపదుగా. మొదటి చెంబుకే చెయ్యి కొంకర్లు పోయింది. పాప కాళ్ళ మీంచి జారింది. ఏడుపు విని శిరీష పరుగెత్తుకొచ్చింది. దేవుడి దయ, దెబ్బ తగల్లేదు.

"అమ్మా, ఇంక వద్దు. ప్లీజ్," అంది శిరీష. కోపంగా కూడా అనలేదట.

వీసా గడువు ముగిసే ముందు ఆవిడ చివరిసారి వచ్చింది. నీళ్ళ గిన్నె తీయబోతుంటే వద్దంది.

"ఇది తగ్గుతుందా అమ్మా?"

"తగ్గుతుంది ఆంటీ. ఏడాది పట్టచ్చు, ఇంకా ఎక్కువైనా పట్టచ్చు."

"ఏడాదికి అది నడుస్తుంది కదమ్మా. కాళ్ళ మీద పడుకోబెడితే పడుకుంటుందా?"

చెయ్యి పట్టుకుందామన్నా ఆ చెయ్యి పట్టుకోలేను. భుజం మీద చెయ్యి వేస్తే ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత నా దగ్గరికి కొత్తగా ఎవరొచ్చినా, నొప్పి ఎంత అని అడిగే ముందు, "ఈ చెయ్యి మీకు ఎప్పటికి కావాలి?" అని అడుగుతున్నాను. ఆ కేసు నేర్పింది అదే. తెలుసుకున్నంత మాత్రాన ముళ్ళు తొందరగా కరగవు, నరాలు నా మాట వినవు. అయినా అడుగుతాను.

పోయినేడు శిరీష పిల్లని ఎత్తీ ఎత్తీ మణికట్టు నొప్పితో నా దగ్గరికే వచ్చింది. పాప గదంతా పరుగులు పెడుతోంది.

"అమ్మ చెయ్యి తగ్గిపోయిందక్కా. చన్నీళ్ళలో కూడా పెడుతోందట. నెక్స్ట్ మంత్ వస్తోంది."

"మంచి మాట చెప్పావు," అన్నాను.

"వచ్చాక పాపకి నేనే పోస్తా అంటోంది." శిరీష పాపకేసి చూసింది. "ఇదేమో షవర్ కిందే నుంచుంటుంది. ఎవరైనా ముట్టుకుంటే నో, ఐ డూ ఇట్ అంటుంది. ఆ మాట అమ్మకి ఇంకా చెప్పలేదక్కా."