ఆయన బాగుందన్న రోజులు

ఆ రోజు ఉదయం హాస్టల్ వంటగదిలో నా గిన్నె కడిగి బోర్లించి ఉంది. రాత్రి సింకులోనే వదిలేసి పడుకున్నాను. ఎవరు కడిగారో తెలియదు. దాన్ని చేతిలోకి తీసుకుంటుండగా అమ్మ ఫోన్ చేసింది.

"మాస్టారు పోయారే. తెల్లవారుజామున గుండె ఆగిందిట. ఇందాకే తీసుకెళ్ళారు."

నేను ఐర్లండ్‌లో పీజీ చదువుతున్నాను. ఇక్కడ తెల్లవారేసరికి బందరులో మధ్యాహ్నం అవుతుంది. నాకు తెలిసేటప్పటికే అంతా అయిపోయింది.

మాస్టారు నాకు వయొలిన్ నేర్పారు. ఆయన పేరు చెప్పినా మీరు విని ఉండరు. కూచిపూడి బృందాలకు వేదిక అంచున కూర్చుని వాయించినవారు. అలాంటివారి పేర్లు కరపత్రంలో అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఉంటాయి.

కాన్వెంట్‌లో నేను ప్రార్థన గీతాలకు వెనక వరసలో నిలబడి పెదవులు మాత్రం కదిపేదాన్ని. సిస్టర్ కనిపెట్టి అమ్మకు చెప్పారు. అమ్మ నన్ను ఈడేపల్లిలో మాస్టారింటికి తీసుకెళ్ళి, "దీనికి గొంతు పెగలదండీ" అంది. ఆయన నవ్వారు. "నాకు మాత్రం ఉందేంటమ్మా? నేను పాడితే మా ఆవిడ లేచి వీధిలోకి వెళ్ళిపోతుంది. అందుకేగా ఈ ఫిడేలు పట్టుకుంది!" లోపలి నుంచి పిన్నిగారు, "ఫిడేలు వాయించినా వెళ్ళేదాన్నే. వంట ఎవరు చేస్తారని ఉండిపోయా" అన్నారు.

తర్వాత గుడివాడలో డిగ్రీ చదివేటప్పుడు కూడా, శనివారం ప్యాసింజర్ దిగి సరాసరి ఆయన దగ్గరికే వెళ్ళేదాన్ని. నేను చాప మీద, ఆయన కుర్చీలో. మొదటి నుంచీ స్వరాలు నోటితో చెప్పి, నా వేళ్ళూ విల్లూ చేత్తో సరిదిద్దేవారు. మోకాళ్ళ నొప్పుల వల్ల ప్రదర్శనలు మానేశానని చెప్పేవారు. ఆయన మెచ్చుకోవడం ఎరగరు. తప్పుంటే తిట్టేవారు. లేకపోతే "ఊఁ" అనేవారు. ఆ ఊఁ కోసం వారమంతా సాధన చేసేదాన్ని.

ఒకసారి నన్నూ అమ్మనూ దివిసీమలో, నాగాయలంక అవతల ఒక ఊరి ఉత్సవానికి తీసుకెళ్ళారు. వేదిక మీద తాళాలు పట్టుకున్న పెద్దాయన మాస్టారిని చూసి అక్కడి నుంచే కేకేశారు. "బావా, పైకి రా! మావాడు ఫిడేలు కోస్తున్నాడు. నువ్వొస్తే ఊళ్ళోవాళ్ళు బతుకుతారు!"

"కాళ్ళు మడత పడట్లేదు బావా. ఈ పిల్లకి చూపిద్దామని వచ్చా."

మా పక్కనే కింద కూర్చున్నారు. "ఆ నాట్యం చేసే అమ్మాయి పాదాలు చూడమ్మా. మనకి తాళం అక్కడుంటుంది. అడుగు ఆగేదాకా విల్లు ఆగకూడదు" అన్నారు. కాసేపయ్యాక నా వైపు వంగి, "శ్రుతి ఎలా ఉంది?" అని అడిగారు. నన్ను పరీక్షిస్తున్నారనుకున్నాను. "కొంచెం దిగిందండీ" అన్నాను. "ఊఁ" అన్నారు.

ఇక్కడి యూనివర్సిటీ వాద్యబృందంలో చేరిన మొదటి రోజు, బృందాన్ని నడిపించే ఆయన చేతులు చూడకుండా ఆయన బూట్లు చూస్తూ వాయించాను. ఆయన చేతులు దించారు. అందరూ ఆపేశారు. బూట్లు కదులుతూనే ఉన్నాయి కాబట్టి నేను ఆపలేదు. అంత పెద్ద హాల్లో నా వయొలిన్ ఒక్కటే వినిపించింది. పక్క కుర్చీలోని పోలండ్ అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆ సాయంత్రం టీ ఇప్పించి, కాళ్ళెందుకు చూశావని అడిగింది. పరదేశంలో నేను అంతసేపు మాట్లాడింది ఆ రోజే.

ఈ సంగతి ఫోన్‌లో గట్టిగా చెప్తే మాస్టారు పగలబడి నవ్వారు. "ఆయనేం ఆడతాడనుకున్నావమ్మా!"

ప్రతి ఆదివారం ఫోన్ బల్ల మీద పెట్టి ఆయనకు వాయించి వినిపించేదాన్ని. ఆయన "బాగుందమ్మా" అనడం మొదలుపెట్టారు. మొదటిసారి విన్నప్పుడు వెంటనే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. పోలండ్ అమ్మాయికి కూడా చెప్పుకున్నాను. ఆ తర్వాత ప్రతివారం బాగుందన్నారు.

ఒక ఆదివారం మధ్యలో బిరడా జారి తీగ వదులైపోయింది. స్వరం వికారంగా కిందికి జారింది. విల్లు తీసేశాను.

"బాగుందమ్మా" అన్నారు మాస్టారు.

పిన్నిగారికి ఫోన్ ఇమ్మన్నాను. ఆవిడ పెరట్లోకి నడిచి వచ్చి చెప్పారు. "నీతో అనొద్దని ఒట్టు పెట్టించుకున్నారమ్మా. మానేసింది మోకాళ్ళకి కాదు, చెవులకి. ముందు పై స్థాయి స్వరాలు వినపడటం పోయింది. ఇప్పుడు మాటలు కూడా అరిస్తేనే. నువ్వు వాయిస్తుంటే నా మొహం చూస్తారు. నేను ఫోన్ వైపు తిరిగితే, అయిపోయిందని అర్థం చేసుకుంటారు."

మరుసటి వారం వీడియో పెట్టాను. ఫోన్‌ను పుస్తకాల మీద, విల్లు కనబడే ఎత్తులో నిలబెట్టాను. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికి వంగారు. నాలుగు వరసలు వాయించానో లేదో, "ఆపు! మణికట్టు కట్టెలా బిగిసిపోయింది. ఆ విల్లేంటి, వంకరగా పోతోంది? కాన్వెంట్‌లో గీతలు గీయడం నేర్పలేదా?" అని అరిచారు. అలా అరగంట తిట్టారు. ఆ వారమంతా నాకు బాగా నిద్ర పట్టింది.

టర్మ్ చివర్లో ఒక సాయంత్రం, ఎవరి ఊరి సంగీతం వాళ్ళు ఒంటరిగా వాయించాలన్నారు. ఒంటరిగా అంటేనే నాకు భయం. వద్దని చెప్పేదాన్నే. "ఫోన్ ఎదురుగా పెట్టించు, చూస్తాను" అని మాస్టారు అనబట్టి పేరిచ్చాను. అమ్మ ఫోన్ వచ్చింది ఆ రోజు ఉదయమే.

"వద్దనుకుంటే నేను చెప్తాను వాళ్ళకి" అంది పోలండ్ అమ్మాయి. వాయిస్తానన్నాను. నేల మీద దుప్పటి పరిపించి కూర్చున్నాను. ఆమె ఫోన్ పట్టుకుని ఎదురుగా నిలబడబోతే అక్కర్లేదని చెప్పాను. మధ్యలో మణికట్టు బిగిసింది. సరిచేసుకున్నాను. చివరి వరకూ వాయించాను. చప్పట్లు కొట్టారు. ధైర్యం రాలేదు, ఓదార్పూ కలగలేదు. బాగుందో లేదో నాకు చెప్పగలిగినవారు ఆ హాల్లో ఎవరూ లేరు.

మర్నాడు పిన్నిగారు ఒక ఫొటో పంపారు. పటం కట్టించడానికి బాగుంటుందా అని అడిగారు. మాస్టారికి జుట్టు నల్లగా ఉంది. వేదిక అంచున మఠం వేసుకుని, భుజానికి ఫిడేలు ఆనించి, ఎటో పక్కకు చూస్తూ నోరారా నవ్వుతున్నారు. ఫొటో అంచులో ఎవరిదో పట్టుచీర కుచ్చిళ్ళు గాలికి లేచి ఉన్నాయి. బాగుందని రాశాను.

మాస్టారు ఫిడేలు వాయిస్తుండగా నేను ఒక్కసారి కూడా వినలేదు.