చుక్కి మిగల్చని చొప్ప

మొన్న కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్తుంటే, బస్సు కిటికీలోంచి అప్పుడే కోసిన జొన్న చొప్ప వాసన గుప్పున వచ్చింది. ఆ తియ్యటి పచ్చి వాసనతో పాటే లచ్చవ్వ గుర్తొచ్చింది. పశువైద్యం చదివి నేను తొలి ఉద్యోగంలో చేరినప్పుడు, ఎల్లారెడ్డి దగ్గరి మా పరిశోధన కొట్టంలో పశువులను చూసుకునే మనిషి ఆమె. అంకెలు తప్ప అక్షరాలు రావు.

ఒకే ఈడు పెయ్యల్లో ఒకటి ఎక్కువ తిని పెరుగుతుంది, మరొకటి తక్కువ మేతతోనే అంతే బరువు పెరుగుతుంది. ఈ తేడాకు ఆనవాళ్లు రక్తంలో దొరుకుతాయా అని మేం వెతికేవాళ్లం. దొరికితే, నెలల తరబడి మేత తూచే పని లేకుండా కాస్త రక్తం పరీక్షించి, కొద్ది మేతతో సరిపెట్టుకునే పశువులనే సంతతికి ఎంచుకోవచ్చు. కానీ ముందు ఏ పెయ్య ఎంత తిన్నదో నిక్కచ్చిగా తెలియాలి. అందుకే లచ్చవ్వ రోజూ పొద్దున్నే ఒక్కో మేత గాడిలో మిగిలిన చొప్పను ఊడ్చి, కాంటా మీద పెట్టి, పుస్తకంలో రాసేది.

ఆ మందలో చుక్కి అనే పెయ్య ఆమెకు ప్రాణం. ఈనుతూనే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి సాకింది. నిగనిగలాడే ఆ ఒళ్లు చూసి అందరూ మందలో ఇదే మేలైనదనేవారు. కానీ దాని గాడిలో పరక కూడా మిగిలేది కాదు. అంత తిన్నా మిగతావాటికన్నా ఎక్కువేమీ పెరగడం లేదు. ఈ లెక్కలో చివరన నిలిచిన పెయ్యలను అమ్మేస్తారని మా ఇద్దరికీ తెలుసు. ఒకరోజు ఆమె ఖాళీ గాడి పక్కన కూర్చుని చుక్కి గంగడోలు నిమురుతుంటే నా మనసు ఆగలేదు.

"అవ్వా, రోజూ కొంచెం మిగిలినట్టు రాయరాదే. ఎవరికి తెలుస్తది?" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "నెత్తురు గూడ తీస్తున్రు గదా డాక్టరమ్మా. అదొకటి చెప్పి నేనింకోటి చెప్తే ఎట్ల?"

"ఒక్క పెయ్యనే కదా."

"ఒక్క ఆవే ఉన్నోళ్లుంటరు. మీ మాట నమ్మి దీని పిల్లను కొంటరు. ఎండకాలం సొప్ప ఏడికెంచి తెస్తరు?" పుస్తకం అందుకుంటూ, "నేను గట్లనే నా ఆవునమ్ముకున్న," అంది.

పుస్తకంలో చుక్కి నంబరు పక్కన సున్నా పెట్టింది.

అనుకున్నట్టే చుక్కి అమ్మకానికి వచ్చింది. సదాశివనగర్ రైతు ఒకతను చూసి మురిసిపోయాడు. లచ్చవ్వే ముందుకొచ్చి, "మంచి పెయ్యనే గని మస్తు తింటది బిడ్డా. మేతుంటెనే కొను," అంది.

"బోరు కింద గడ్డి పెంచిన అవ్వా. దాని కడుపు మాడనియ్య," అన్నాడతను.

ఆ మాట విన్నాకే పలుపు అతని చేతికిచ్చింది. బండి కదిలాక పక్క గాడి ఊడవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం సద్ది విప్పలేదు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

లచ్చవ్వ ఇప్పుడు లేదు. మా పని ఇంకా నడుస్తూనే ఉంది. రక్తంలో మేం పట్టుకున్న ఆనవాళ్లలో కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. బాగా నమ్ముకున్న ఒక ఆనవాలు ఈమధ్య జుక్కల్ వైపు ఒక మందలో పరీక్షిస్తే తప్పింది. "మేడం, ఆ మందను వదిలేసి నివేదిక రాద్దామా?" అని నాతో పనిచేసే డాక్టరు అడిగాడు. ఏళ్ల కష్టం. నాకూ ఆశ పుట్టింది. ఆ మంద కాగితాలు ముందేసుకుని లెక్క మళ్లీ సరిచూశాను. తర్వాత, నివేదికలో ఆ మంద సంగతే మొదట రాయమన్నాను.