నరసయ్య చెక్క

నాలుగేళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. రూములో కలిసి ఉండేవాళ్ళకు చెప్పలేదు. గుడికి వెళ్ళినప్పుడు కూడా కళ్ళు మూసుకుని నిలబడి, ఈ ఒక్క విషయం పక్కన పెట్టి మిగతావన్నీ దేవుడికి చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాననుకుంటాను.

నేను దొంగతనం చేయలేదు. ఎవరినీ కొట్టలేదు. ఒక మనిషికి ఆమె పూర్వీకుల ఊరు ఎక్కడుందో తప్పు చెప్పాను. అంతే. అంతే అని రాయగానే తెలుస్తోంది, అంతేనా అని.

మాది గోదావరి జిల్లాలో కొత్తపాలెం. ఆ పేరుతో ఊళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి చెప్పినా ఫరవాలేదు. జెబెల్ అలీలో ఒక గోదాములో సూపర్‌వైజర్‌ని. ఉండేది అల్ ఖూజ్‌లో. కరోనా కాస్త తగ్గి, కంపెనీ బస్సులో సీటు విడిచి సీటు కూర్చునే రోజుల్లో, దుబాయ్‌లోని మా జిల్లా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. మారిషస్ నుంచి వచ్చి ఇక్కడ ఒక క్లినిక్‌లో పనిచేస్తున్న దేవిక అనే ఆవిడ తన ముత్తాత ఊరు వెతుకుతోందట. తెల్లదొరల కాలంలో చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వెళ్ళిన మనిషి. కోరంగి రేవు చుట్టుపక్కల ఊళ్ళు తెలిసినవాళ్ళెవరైనా సాయం చేయగలరా అని అడిగారు. నేనే ముందుకొచ్చాను. ఎవరూ బలవంతం చేయలేదు. మంచి పని కదా అనుకున్నాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అల్ ఖూజ్‌లో మలయాళీల కెఫెటీరియాలో కలిశాం. యాభై దాటిన మనిషి. తెలుగు ఆమె బడిలో నేర్చుకున్నది. పుస్తకం చదువుతున్నట్టు మాట్లాడేది. మొదట నవ్వొచ్చింది. కాసేపటికి ఆ మాటల్లో ఏదో గౌరవం కనిపించి సర్దుకుని కూర్చున్నాను.

ఆమె ఫైలు తెరిచి ఒక దస్తావేజు నకలు చూపించింది. ఒప్పందం కాలం తీరాక ఆ ముత్తాత మారిషస్‌లో కొనుక్కున్న చిన్న చెరకు చేను తాలూకుది. ఫ్రెంచిలో ఉంది. అందులో ఆయన పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు రాశారు. ఊరి పేరు ఆ రాసినవాడికి ఎలా వినపడిందో అలా రాశాడు. కొత్తపాలెం కావచ్చు. కోటపాలెం కావచ్చు.

“మా ముత్తాత నరసయ్య. వారి తండ్రి అప్పన్న,” అంది. “ఊరిలో పొలము ఉండినది. దానిని బావగారికి అప్పగించి ఓడ ఎక్కినారు. ఐదు సంవత్సరములలో వచ్చెదనని చెప్పినారు. రాలేకపోయినారు. ఉత్తరములు వ్రాయించినారు. ఒక్క జవాబు కూడ రాలేదు.”

నేను టీ కప్పు కింద పెట్టాను.

మా పొలాలన్నిటిలోకీ మంచి చెక్క కాలవ మలుపు దగ్గర ఉంటుంది. ఎండాకాలంలో కూడా తడి ఆరదు. దాన్ని ఊరంతా నరసయ్య చెక్క అంటారు. నేను పుట్టినప్పటి నుంచీ ఆ పేరు విన్నాను. మా వంశంలో నరసయ్య అనే మనిషి లేడు. ఎవరా నరసయ్య అని ఒక్కసారైనా ఎందుకు అడగలేదు? అడగకూడదని ఎవరూ చెప్పలేదే. మా తాతకు తాత వెంకన్న తుప్పలు కొట్టి, ఉప్పు నేల బాగుచేసి సంపాదించాడని ఇంట్లో చెప్పేవారు. మేమూ తలెత్తుకుని చెప్పుకునేవాళ్ళం.

ఆమెకు ఏమీ చెప్పలేదు. కనుక్కుంటానన్నాను. అప్పటికింకా తప్పు చేయలేదు. ఆ గీత ఎక్కడ దాటానో నాకు బాగా గుర్తుంది.

ఊళ్ళో రీసర్వే జరుగుతోంది. దానికోసం మా అన్నయ్య తాలూకా ఆఫీసు నుంచి పాత భూమి రిజిస్టర్ల నకళ్ళు తీయించాడు. నరసయ్య చెక్కవి ఫోటో తీసి పంపమన్నాను. రెండు పేజీలు వచ్చాయి. మొదటి దానిలో పట్టాదారు నరసయ్య, తండ్రి అప్పన్న. పక్కన ఎర్ర సిరాతో ఒక మాట: మోరీసు దీవికి పోయినాడు, బావ వెంకన్న సాగు. రెండోది తర్వాతి రిజిస్టర్లోది. అదే నెంబరు. పట్టాదారు వెంకన్న. నరసయ్య చనిపోయాడనీ, వారసులు లేరనీ వెంకన్న చెప్పినట్టు రాసి ఉంది. సంవత్సరం కూడా వేశారు.

దేవికగారి దస్తావేజుకు ఆ రోజు తీసుకున్న ఫోటో నా ఫోన్‌లోనే ఉంది. తీసి చూశాను. మా రిజిస్టర్లో చనిపోయిన నరసయ్య, ఆ తర్వాత తొమ్మిదేళ్ళకు మారిషస్‌లో చేను కొనుక్కున్నాడు.

అన్నయ్య ఫోన్ చేశాడు. సంగతి చెప్పాను.

“ఒరేయ్, రేపోమాపో సర్వే వాళ్ళొచ్చి మన చెక్కలో రాళ్ళు పాతుతారు. ఇప్పుడా పేరు ఊళ్ళో ఎత్తితే ఏమవుద్దో తెలుసా? ఏదో ఒక ఊరు చెప్పి పంపించెయ్యి.”

“ఆవిడ పొలం కోసం రావట్లేదన్నయ్యా.”

“అందరూ అలాగే అంటార్రా మొదట్లో.”

అన్నయ్య మీదికి నెట్టేయడం సులువు. చాలాసార్లు నెట్టి చూశాను కూడా. కానీ అన్నయ్య ఆమెను చూడలేదు. ఆమె గొంతు వినలేదు. నేను విన్నాను. అన్నయ్య నన్ను ఆపలేదు, నాకు కావలసిన సాకు ఇచ్చాడు. నూరేళ్ళు దాటిన సంగతి మీద ఇప్పుడెవరూ పొలం లాక్కోలేరని నాకు తెలియదా? తెలుసు. మరి దేనికి భయపడ్డాను? ఆమె నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది. ఆ పిలుపు పోతుందనా? మా వెంకన్న తాత ఆమె ముందు దొంగగా నిలబడతాడనా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

మళ్ళీ అదే కెఫెటీరియా. ఆమె నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

“దొరికినదా అన్నయ్యగారూ?”

“దొరికిందండీ. మీది కోటపాలెం.”

“రిజిస్టరు చూచినారా?”

“పాతవి చెదలు తినేశాయట. అప్పన్న కొడుకు ఓడెక్కి పోయాడని ఊళ్ళో ఒక ముసలాయన చెప్పాడంట మా అన్నయ్యకి.”

ఇంత నున్నగా అబద్ధం ఆడగలనని నాకే తెలియదు.

ఆమె ఊరి పేరు కాగితం మీద తెలుగులో రాసుకుంది, ఒక్కొక్క అక్షరం. తర్వాత తలెత్తి అడిగింది.

“బావగారి మనుషులు ఎవరైనా ఉన్నారా?”

ఆమెకు ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో నేనున్నాను. నరసయ్య అక్కనే వెంకన్న చేసుకున్నాడు. నా ఒంట్లోనూ ఆ రక్తమే.

“లేరండీ,” అన్నాను. “ఆ వంశం ఎప్పుడో పోయింది.”

“అయ్యో. వారికి ఒక మాట చెప్పవలెనని అనుకొన్నాను.”

“ఏం మాట?”

“మా ముత్తాతకు కోపము లేదని. మా నాన్నగారు చిన్నప్పుడు ఆయన ఒడిలో కూర్చునేవారు. జవాబు రానందున బావకు ఏమైనదో, బ్రతికి ఉన్నాడో లేదో అని ఆ ముసలాయన బాధపడేవారట. పొలము మాట ఎన్నడూ ఎత్తలేదట.”

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా. కుర్చీ వెనక్కి జరిపి, బస్సుకు టైమవుతోందండీ అన్నాను.

ఆమె తండ్రి ఆ తర్వాత నాలుగు నెలలు బతికారు. ఊరు దొరికిందని విని, కోటపాలెం, కోటపాలెం అని పదిసార్లు అనుకున్నారట. ఆయన పోయాక ఆమె అస్థికలు తీసుకుని ఇండియా వెళ్ళింది. కారు నేనే మాట్లాడి పెట్టాను. దారి తెలియడానికని లైవ్ లొకేషన్ నాకు పంపింది.

కోటపాలెం దారి మా ఊరి పక్క నుంచే పోతుంది. ఆ సంగతి కారు మాట్లాడేటప్పుడు నాకు తట్టలేదు. ఆ రోజు గోదాములో కంటైనర్ దింపుతున్నాం. ముదీర్, అంటే మా మేనేజరు, యల్లా యల్లా, త్వరగా కానివ్వండి అని అరుస్తున్నాడు. నేను ఒక ర్యాక్ వెనక నిలబడి ఫోన్‌లో నీలం చుక్కను చూస్తున్నాను. చుక్క వంతెన దాటింది. మా రైసు మిల్లు దాటింది. కాలవ మలుపు దగ్గర ఆగిపోయింది. నిమిషం. రెండు నిమిషాలు. ఎందుకాగింది? ఎవరినైనా దారి అడుగుతోందా? అన్నయ్య ఆ వేళకు చేలోనే ఉంటాడు. ఆమె నరసయ్య పేరు చెప్తే? ఎవరో ఒకరు, అదిగో ఇదే నరసయ్య చెక్క అని చెయ్యి చూపిస్తే? చెమట కళ్ళల్లోకి కారుతోంది, తుడుచుకోవడం లేదు. ఇప్పుడు నిజం రాస్తున్నాను, దాచకుండా. ఆ చుక్క కదలాలని దేవుడికి మొక్కుకున్నాను.

ఏడో నిమిషంలో కదిలింది.

కొబ్బరి బొండాలకు ఆగారట. ఫోటో పంపింది. మా చేను గట్టు మీద నిలబడి నవ్వుతోంది. భుజానికి సంచి. అందులో ఆమె తండ్రి. వెనకాల మా మోటారు షెడ్డు. ఎంత చక్కని పొలమో చూడండి అన్నయ్యగారూ అని కింద రాసింది.

అక్కడి నుంచి ఇంకా ముందుకు వెళ్ళి, ఎవరివో కాలవ నీళ్ళలో అస్థికలు కలిపి వచ్చింది. కోటపాలెం వాళ్ళు మంచివాళ్ళు. మా ఆడపడుచువే అని బొట్టు పెట్టి, చీర పెట్టి పంపారు. ఆమె వీడియోలో ఏడుస్తూ నవ్వుతోంది. వాళ్ళు ఏమీ కాని మనుషులు. వాళ్ళు పెట్టారు. పెట్టవలసిన వాళ్ళం మేము.

తర్వాత ఆమె దుబాయ్ వదిలి మారిషస్ వెళ్ళిపోయింది. మా పొలానికి కొత్త రాళ్ళు పడ్డాయి, కొత్త పాసుపుస్తకం వచ్చింది. అన్నయ్య ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కుటుంబాల్లో ఇలాంటివి ఇలాగే పూడుకుపోతాయి కాబోలు. వెంకన్న కూడా పెళ్ళాం ముందు ఇలాగే కూర్చుని ఉంటాడా? తమ్ముడి ఉత్తరం వచ్చిందా అని ఆమె అడిగితే ఏం చెప్పి ఉంటాడు?

పన్నెండు రోజుల కిందట దేవికగారి నుంచి మెసేజ్ వచ్చింది. మారిషస్‌లోని వాళ్ళ కుటుంబమంతా, పిల్లలతో సహా, ఇండియా వస్తున్నారట. కోటపాలెంలో నరసయ్య పేరు చెక్కించిన రాయి నిలబెడతారట. ఊరు చూపించినవారు మీరు, మీ చేతి మీదుగానే జరగవలెను, సెలవు పెట్టుకొని రండి అని రాసింది.

జవాబివ్వలేదు. ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను. వెళ్ళి ఆ రాయికి దండ వేస్తే నా అంత నీచుడు ఉండడు. చెబితే, ఆమె తండ్రిని పరాయి నీళ్ళలో కలిపించానని చెప్పాలి. దానికి క్షమించమని ఏ ముఖంతో అడగను? అడగను. అడిగే హక్కు లేదు. ఆమె క్షమించినా నేను తీసుకోలేను. ఎందుకంటే క్షమిస్తుందని నాకు తెలుసు. వాళ్ళ ముత్తాత లాంటి మనిషే ఆమె.

ఆమెకు పంపుతానో లేదో ఇంకా తెలియదు. ముందు ఎక్కడో ఒకచోట రాయాలి కాబట్టి మీకు రాస్తున్నాను.

దేవికగారి ఊరు కొత్తపాలెం. మా ఊరే. ఆమె వెతికిన బావగారి మనుషులం మేమే. బతికే ఉన్నాం.

ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. రాయడం మొదలుపెట్టినప్పటి నుంచీ గుండె దడదడలాడుతోంది. ఇప్పుడు కాస్త నెమ్మదించింది. అంతకంటే ఏమీ కాలేదు.