జోజమ్మ కొట్లో బీడీ కట్టలు

సిగరెట్ల ధర పెరిగిన రోజున తిరువూరు బస్టాండు దగ్గర సంతోషించిన మనిషి ఒక్క జోజమ్మే. ఆవిడ బడ్డీకొట్టు ముందు నిలబడి జనం ప్రభుత్వాన్ని తిడుతుంటే, ఆవిడ లోలోపల దేవుడికి స్తోత్రాలు చెప్పుకుంది. రోజూ అక్కడే సోడా తాగుతాను కాబట్టి ఇదంతా నా కళ్లముందే జరిగింది.

ఆవిడ మొగుడు అంతోనయ్య విస్సన్నపేటకు షేర్ ఆటో తోలతాడు. రోజుకో పెట్టె కాల్చేవాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి, మానకపోతే దక్కవని డాక్టరు చెప్పినా వినలేదు. పెళ్లాం ఏడ్చినా వినలేదు. రేటు చెబితే మాత్రం విన్నాడు! ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే విభూది బుధవారం నాడు నుదుట బూడిదతో గుడి నుంచి వచ్చి, "ఈ తపస్సుకాలం నుంచి సిగరెట్టు ముట్టనే" అన్నాడు. జోజమ్మ కొట్లోనే కళ్లొత్తుకుంది.

ముట్టలేదు కూడా. దగ్గు మాత్రం తగ్గలేదు.

ఈస్టరు ముందు రోజు జోజమ్మ ఆటో తుడుస్తుంటే సీటు కింద బీడీ కట్టలు దొరికాయి. రెండేసి కట్టలకు ఎర్ర రబ్బరు బ్యాండు. అలా వేసి అమ్మేది ఊళ్లో ఆవిడ ఒక్కతే. తోటి డ్రైవరు బెన్నీ రోజూ పొద్దున్నే రెండు కట్టలు కొంటుంటే, అవి ఎవరి కోసమో తెలియక, మంచి బేరమని అగ్గిపెట్టె కూడా ఊరికే ఇచ్చేది, పిచ్చి తల్లి.

"నేను ముట్టనన్నది సిగరెట్టు. బీడీ మాట ఎత్తానా?" అన్నాడు అంతోనయ్య.

"దేవుడి దగ్గర కూడా ప్లీడరు మాటలేనా?" అంది జోజమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. అతని మీదే కాదు. సిగరెట్టు మీద పన్ను పెంచినవాళ్లే అంతకు నాలుగు నెలల ముందు బీడీ మీద తగ్గించారు. పొగాకు సరుకులన్నిటి మీదా కలిపి పెంచిన దేశాల్లో జనం నిజంగానే మానుతున్నారట. ఇక్కడ మాత్రం పేదవాడి పొగ చవగ్గానే ఉండాలి. పేదవాడి ఊపిరితిత్తులేమైనా ఇనుపవా?

పండగ మర్నాడు బెన్నీ వచ్చి, "రెండు కట్టలు, పిన్నీ" అన్నాడు.

జోజమ్మ బీడీల అట్టపెట్టె మొత్తం ఎత్తి మురుక్కాలవలో కుమ్మరించింది. తర్వాత సిగరెట్లు కూడా. ఆటో దిగి అంతోనయ్య పరుగెత్తుకొచ్చాడు.

"మతిపోయిందా ఏంటే? కొట్లో సగం బేరం అదేగా!"

"నిన్ను చంపే సరుకు నా చేత్తో నేనే అమ్మాను. నలభై రోజులు! అగ్గిపెట్టెతో సహా!"

అంతోనయ్య ఏదో అనబోయాడు. అంతలో దగ్గొచ్చింది. పరుగెత్తిన ఆ పది అడుగులకే వంగిపోయి, కొట్టు చెక్క పట్టుకున్నాడు.

జోజమ్మ తిడుతూనే సోడా కొట్టి అతని చేతిలో పెట్టింది.