గొడుగప్పకు కాగితం దొరికిందని చెప్పిన పెద్దమ్మ

మా చిన్నప్పుడు మమ్మల్ని కడుపు పట్టుకొని నవ్వేలా చేసిన రత్నమ్మ పెద్దమ్మకు మూడు నెలలుగా రేషన్ ఇవ్వడం లేదు... ఇవ్వనిది ఎవరో దాచను. మా ఊరి సొసైటీ, అదే రేషన్ దుకాణం, నడిపే ఆయన. మిషన్‌లో ఆమె వేలిముద్ర పడదట. అంతే కారణం.

ఆ వేళ్ళ సంగతి తెలియాలంటే ముందు గొడుగప్ప సంగతి చెప్పాలి...

మాది కర్ణాటకలో చింతామణి వైపు ఊరు. అప్పట్లో పట్టుగూళ్ళను వేన్నీళ్ళలో వేసి దారం తీసే కొట్టం ఒకటి ఉండేది. మా అమ్మ, రత్నమ్మ పెద్దమ్మ, ఇంకో పదిమంది ఆడవాళ్ళు అక్కడే పని. శనివారం సాయంత్రం పని దిగగానే కొట్టం యజమాని తన టీవీని కిటికీలో వాకిలివైపు తిప్పి పెట్టేవాడు. బెంగళూరు నుంచి వచ్చే కన్నడ హాస్య ధారావాహిక... దాని పేరు గుర్తు లేదు. అందులోని మనిషికి మేం పెట్టుకున్న పేరు మాత్రం మరిచిపోలేదు. గొడుగప్ప!

సన్నటి మనిషి. చంకలో గొడుగు, చేతిలో అర్జీ. ఏదో కాగితం కోసం వారం వారం అదే ఆఫీసుకు పోతాడు. గుమాస్తాకు వంగి దండం పెడతాడు... టప్పున గొడుగు విచ్చుకుంటుంది, ఫైళ్ళన్నీ నేల మీద. ఫ్యాన్ కింద కునుకు తీస్తున్న ఇంకో గుమాస్తా ఉలిక్కిపడి లేచి "నాళె బన్ని" అంటాడు. రేపు రండి అని. మళ్ళీ కునుకు. టీ తెచ్చే తాత గొడుగు కిందికి దూరి, చెయ్యి బయటికి చాపి, వాన లేదే అని పైకి చూస్తాడు... ఆ తాతంటే నాకు ప్రాణం.

మా అమ్మ పుట్టిల్లు కదిరి దగ్గర. కన్నడం రాదు. కొట్టంలో సగం మంది అట్లా ఆంధ్రా నుంచి వచ్చిన కోడళ్ళే. అందుకే పెద్దమ్మ కిటికీ పక్కన నిలబడి అంతా తెలుగులో చెప్పేది.

"చూడండే, ఏమంటాండాడో! నీ గొడుగుకుండే తెలివి నీకు లేదు గదప్పా అంటాండాడు!"

ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వేవారు. చివర్లో గొడుగప్ప తల వంచుకొని మెట్లు దిగుతుంటే వాకిలి కాస్త నిశ్శబ్దమయ్యేది. అప్పుడు పెద్దమ్మ అనేది... "రేపు పొద్దన్నే కాగితం ఇంటికే పంపిస్తారంట. లేయండి, ఇండ్లకు పోదాం."

ఐదో తరగతికి వచ్చేసరికి నాకు బళ్ళో కన్నడం బాగా పట్టుబడింది. ఒక శనివారం అర్థమైంది... గొడుగప్పకు కాగితం దొరకలేదు. ఏ వారమూ దొరకలేదు! అందరి ముందే అడగబోతే పెద్దమ్మ నా రెక్క పట్టుకొని గోడ చాటుకు లాక్కుపోయింది.

"నాళె బన్ని అన్నారు, అంతే గదా పెద్దమ్మా! ఇంటికి పంపిస్తామని యాడ అన్నారు?"

"నోరు ముయ్యే పాపా. మీయమ్మ పొద్దన్నుంచీ వేన్నీళ్ళలో చేతులు పెట్టి వచ్చిండాది. నవ్వుకుంటా పోనీ. వానికి కాగితం దొరికితే నీ సొమ్మేం పోతాది?"

నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్న రోజులు తక్కువ, అది ఒకటి.

ముప్పై ఏళ్ళు ఆ వేన్నీళ్ళలో దారపు కొసలు వెతికీ వెతికీ ఆమె వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. ఇప్పుడు ఆ వేళ్ళనే గుర్తుపట్టనంటోంది మిషన్... ఆ గీతలు ఎవరి పట్టుచీరల్లోకి పోయాయో అడిగేవాళ్ళు లేరు.

పోయిన వారం ఆమెతో సొసైటీకి నేనూ వెళ్ళాను. బొటనవేలు, చూపుడువేలు, పది వేళ్ళూ పెట్టింది. కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. ఎర్ర దీపం... ఎర్ర దీపం... సొసైటీ ఆయన మామూలుగా మనతో తెలుగే మాట్లాడతాడు. మిషన్ ముందు కూర్చుంటే కన్నడం వస్తుంది.

"బరల్లమ్మా. నాళె బన్ని."

ముద్ర రాదమ్మా, రేపు రండి అని. పెద్దమ్మ ఫక్కున నవ్వింది. "గొడుగొకటే తక్కువ నాకు!" వరుసలో ఉన్న ఆడవాళ్ళూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వేలిముద్ర పడకపోతే వేరే దారిలో ఇవ్వాలని ఉన్న కరపత్రం సంచిలోంచి తీసి గట్టిగా చదివాను. బల్ల గుద్దాను.

"నామీద అరిస్తే ఏమొస్తాదమ్మా? ఆ మిషన్‌కు చదివి చెప్పు," అన్నాడు.

టౌన్లో పై ఆఫీసుకూ పోయాం. ఒక బల్ల దగ్గర నుంచి ఇంకో బల్లకు, అక్కడి నుంచి మొదటి బల్లకే... నా గొంతు పోయింది. చదివిన కరపత్రాలన్నీ ఏమయ్యాయో, మా అర్జీ అందినట్టు దాని మీద ముద్ర కూడా వేయించుకోలేకపోయాను. ఆఫీసు మెట్లు దిగుతుంటే నాకు చిన్నప్పటి ఆ వాకిలి గుర్తొచ్చింది.

"ఏడవొద్దే పాపా," అంది పెద్దమ్మ బస్సులో. "ఒక పూట సంకటి మానేస్తే నేనేం చచ్చిపోను."

మానేసిందని నాకు అప్పుడే తెలిసింది...

ఊరికి వచ్చేసరికి మా అమ్మ వాకిట్లోనే కూర్చొని ఉంది. "ఏమన్నారక్కా?"

పెద్దమ్మ చెప్పులు విడుస్తూ అంది... "రేపు పొద్దన్నే ఇంటికే పంపిస్తారంట."

అమ్మ నా ముఖం చూసింది. నేను తల తిప్పుకున్నాను. అమ్మకు ఇప్పుడు కన్నడం వచ్చు. అయినా ఏమీ అడగలేదు. ఆ శనివారాలన్నీ అమ్మ నిజం తెలిసే నవ్వేదా... నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. నవ్వించే బొమ్మలు గంటకు వంద. పక్కన నిలబడి, మనకోసం కథ చివర మార్చి చెప్పే మనిషే లేదు.

మీ చిన్నప్పుడు టీవీలో మిమ్మల్ని నవ్వించిందెవరో కింద రాయండి, చదువుతాను. కానీ దానికి ముందు ఒక పని... సోమవారం పొద్దున సరిగ్గా పది గంటలకు మా సొసైటీ ముందుకు రండి. వేలిముద్ర పడని మీ అవ్వలను, తాతలను వెంటబెట్టుకొని రండి. ఎంతమంది వస్తారో, వస్తే ఏమవుతుందో నాకు తెలియదు. ఎండ గట్టిగా ఉంది, వచ్చేటప్పుడు తలా ఒక గొడుగు తెచ్చుకోండి.

ఆ సాయంత్రం మా అమ్మ వాకిట్లోనే ఉంటుంది. "ఏమన్నారక్కా?" అని అడుగుతుంది. ఈసారి పెద్దమ్మ నిజమే చెప్పాలి, అది విని అమ్మ నవ్వాలి.